రాజకుమారి స్లైడ్లలో పైకప్పు చప్పుడు

ప్రతి ఆదివారం పొద్దున ఏడున్నరకు, జనం టీ గ్లాసులు చేత పట్టుకునే వేళకు, రెండు వందల పదహారు ఫోన్లలో ఒకే గొంతు పలుకుతుంది.

"అందరికి నమస్తే. నేను రాజకుమారిని. బొమ్మలు ఎక్కువై ఫైలు బరువైతున్నదని మస్తుమంది అడిగిన్రు. బొమ్మ మీద ఒకసారి నొక్కున్రి. పైన పిక్చర్ ఫార్మాట్ అని వస్తది. అండ్ల కంప్రెస్ పిక్చర్స్ అని ఉంటది, అది కొట్టున్రి. ఫికర్ చెయ్యకున్రి, తెర మీద బొమ్మ మంచిగనే కనపడ్తది. ఇంకో ముచ్చట. కొత్త అప్‌డేట్ వచ్చినంక బటన్లు కనపడ్తలేవని లొల్లి పెడ్తున్రు. ఎక్కడికి పోతయవ్వా, ఈడనే ఉన్నయి. పైన వెతికే డబ్బ ఉంటది, అండ్ల పేరు కొట్టున్రి, అదే ఉరికొస్తది."

ఆ గ్రూపు పేరు 'స్లైడ్ల అడ్డా'. బొగ్గు గనుల ఆఫీసుల్లో గుమాస్తాలు, ట్రైనింగ్ ఇచ్చేవాళ్లు, కంపెనీ బడుల్లో పంతుళ్లు, జ్యోతినగర్ క్వార్టర్లలోని ఇంజనీర్లు కూడా అందులో ఉన్నారు. రామకృష్ణాపూర్‌లో పాఠాలు చెప్పే అజీజున్నీసా టీచరు ఆ సందేశాన్ని రెండుసార్లు వింటుందట, ఒకసారి చిట్కా కోసం, ఒకసారి ఆ గొంతు కోసం. రాజకుమారి భర్త అంజి షేర్ ఆటో నడుపుతాడు. ఆదివారం గోదావరిఖని బస్టాండు నుంచి చౌరస్తా దాకా ఆటోలో పాటలకు బదులు పెళ్లాం గొంతే పెడతాడు. కూరగాయల గంప ఒళ్లో పెట్టుకున్న ముసలమ్మలకు కూడా ఈ ఊళ్లో ఫాంటు అంటే ఏమిటో తెలుసు. నవ్వకండి, నిజం.

ఇంత చెప్పాక ఈమె ఏ కంప్యూటర్ ఇంజనీరో అనుకుంటారు. కాదు. కంపెనీ రిజిస్టరులో ఆమె జనరల్ మజ్దూర్. గనిలో పనిచేసే తండ్రి ఎల్లేశం మెడికల్ అన్‌ఫిట్ అయితే, ఆ ఉద్యోగం బిడ్డకు వచ్చింది. డిగ్రీ చదివింది కదా అని కుర్చీ వేసి కూర్చోబెట్టలేదు ఎవరూ. ట్రైనింగ్ సెంటరులో గదులు ఊడ్వడం, బెంచీలు సర్దడం, టీ అందించడం, ప్రొజెక్టర్ మీద దుమ్ము తుడవడం, ఇదీ డ్యూటీ. దుమ్ము తుడిచే మనిషికి ఆ పెట్టెలోంచి ఏం వస్తుందో చూడాలనిపించడం తప్పు కాదు గదా. రాజకుమారి చూసింది. చూసి ఊరుకోలేదు, ఫోనులో పాఠాలు విని నేర్చుకుంది. సాఫ్ట్‌వేరుకు అప్‌డేట్ వచ్చిందంటే, చీరల దుకాణంలో కొత్త మూట విప్పినట్టు, మడత మడతా విప్పి చూసేది.

ఆరేళ్ల కిందట ఒకరోజు ట్రైనింగ్ ఆఫీసరు పాఠం మధ్యలో స్లైడ్ షో ఆగిపోయింది. ఆయన మళ్లీ మొదలుపెడితే మొదటి స్లైడు వచ్చింది. యాభై మూడో స్లైడు దాకా టకటకా నొక్కుకుంటూ పోయాడు. మళ్లీ ఆగింది. మళ్లీ మొదటికి వచ్చింది. హాల్లో కార్మికులు కునుకు మీద కునుకు తీస్తున్నారు. గుమ్మం దగ్గర చీపురుతో నిలబడ్డ రాజకుమారికి ఇక నోరు ఆగలేదు.

"సార్, ఏ స్లైడు కాడ ఉన్నరో ఆడనే ఉండి, షిఫ్టు పట్టుకొని ఎఫ్ ఫైవ్ కొట్టున్రి. ఆడికెల్లే షురువైతది."

కొట్టాడు. ఆడికెల్లే షురువైంది. వెనక బెంచీలో ఎవరో చప్పట్లు కూడా కొట్టారు. ఆ రోజు నుంచి ఆఫీసర్లు మారినా, స్లైడ్ల పని మాత్రం ఊడ్చే మనిషి దగ్గరికే వచ్చింది. ఆమె పేరు ఒక గని నుంచి ఇంకో గనికి పాకింది. ఫోన్లు ఎత్తలేక గ్రూపు పెట్టింది.

కానీ రాజకుమారి మనసు పెట్టిన పని వేరే ఉంది. దాని వెనక ఆమె తండ్రి కాలు ఉంది.

ఎల్లేశం టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దిమ్మెలు, మొద్దులు నిలబెట్టే పని. ఆ పని చేసేవాడు అడుగు పెట్టే ముందు కర్రతోనో గడ్డపారతోనో పైకప్పును కొట్టి వింటాడు. గట్టి బండ అయితే ఖంగుమంటుంది. పొర విడిచి వేలాడుతున్న బండ అయితే డొల్లగా, చెమ్మగిల్లిన డప్పులా పలుకుతుంది. అలా పలికితే ఒక్క క్షణం కూడా దాని కింద నిలబడకూడదు. ఎల్లేశం ఒకనాడు ఆ డొల్ల చప్పుడు విన్నాడు. పక్కనే ఉన్న కొత్త మనిషీ విన్నాడు, కానీ అతనికి అది చప్పుడు మాత్రమే. ఎల్లేశం అతన్ని అవతలికి నెట్టాడు. అతను బతికాడు. ఎల్లేశం ఎడమ కాలు మోకాలి కింద నుజ్జయింది.

"వాడు గుడ్డోడు కాదు, చెవిటోడు కాదు బిడ్డా," అనేవాడు ఎల్లేశం. "క్లాసుల కూసున్నడు, రిజిస్టర్ల సంతకం పెట్టిండు. గానీ గా చప్పుడెట్లుంటదో వానికి ఎవ్వలు వినిపిచ్చిన్రు?"

ఎవరూ వినిపించలేదు. క్లాసులో ఎనభై ఆరు ఇంగ్లీషు స్లైడ్లు ఉండేవి, చీమల బారుల్లాంటి అక్షరాలతో. అందుకే రాజకుమారి రెండేళ్లు కూర్చుని రక్షణ పాఠాలన్నీ తెలుగులో చేసింది. ఎనభై ఆరును ముప్ఫై నాలుగుకు తెచ్చింది. స్లైడుకు ఒకే మాట, ఒకే బొమ్మ. కొత్తగా వచ్చిన ట్రైనింగ్ ఆఫీసరు సంపత్, ఇరవై తొమ్మిదేళ్ల పిల్లవాడు, ఆమెను అక్కా అని పిలుస్తాడు. ఆ స్లైడ్లు చూసి ముచ్చటపడి, తన క్లాసుల్లో అవే వాడడం మొదలుపెట్టాడు.

మొన్న ఫిబ్రవరిలో ఒక బుధవారం సంపత్ ముఖం వేలాడేసుకుని వచ్చాడు.

"అక్కా, శనివారం పైనుంచి కమిటీ వస్తోంది. అన్ని సెంటర్లలో ఒకే ఇంగ్లీషు సెట్టు పెట్టాలా, మనలాంటి తెలుగు స్లైడ్లు ఉంచాలా అని చూస్తారు. వాళ్లకు నచ్చకపోతే సోమవారం వచ్చే నలభై మంది కొత్తవాళ్లకు ఇంగ్లీషు సెట్టే. మనవి పక్కన పెట్టాల్సిందే."

"కొత్తోళ్లు ఎప్పుడు దిగుతరు సార్ లోపలికి?"

"క్లాసులు అయిన వెంటనే."

రాజకుమారి తన స్లైడ్లలో అసలైనది ఇంకా పెట్టనే లేదు. పైకప్పు స్లైడులో గడ్డపార పట్టుకున్న మనిషి బొమ్మ ఉంది, చప్పుడు లేదు. గనిలోకి ఫోను తీసుకుపోవడం నిషేధం కాబట్టి అక్కడ రికార్డు చేసే వీలు లేదు. ఆ సాయంత్రం ఇంటికి పోయి తండ్రికి చెప్పింది.

ఎల్లేశం చేతికర్ర అందుకున్నాడు. "పా. గనిల లేకుంటే బయట లేదా బండ?"

రెండు రోజులు తండ్రీ కూతుళ్లు గోదావరిఖని అంతా కొట్టి చూశారు. అతిశయోక్తి కాదు. అంజి ఆటోలో తిప్పాడు, ఎల్లేశం దిగినచోటల్లా కొట్టాడు. కల్వర్టులు, కాంపౌండు గోడలు, మెట్లు. "ఊహూ, ఇది కాదు," అని మళ్లీ ఆటో ఎక్కేవాడు. చూసేవాళ్లు ముసలాయనకు మతి చలించిందనుకున్నారు. చివరికి గోదావరి ఒడ్డున ఒక ఇసుకరాతి బండ ఖంగుమంది. ఎల్లేశం తలూపాడు. "ఇగో, గీ చప్పుడుంటే పాణానికి భయం లేదు." రెండోది ఇంట్లోనే దొరికింది. వాళ్ల వరండా కప్పుకు ఒకచోట గచ్చు పొర విడిచి ఉబ్బింది. కర్రతో తాకించగానే ఎల్లేశం చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. ముఖం మారిపోయింది. కూతురికి వేరే సాక్ష్యం అక్కరలేకపోయింది.

రెండు చప్పుళ్లూ ఫోనులో పట్టింది. ముందూ వెనకా వచ్చిన ఆటో హారను, కోడికూత ట్రిమ్ ఆడియోలో కత్తిరించింది. రెండు నల్లటి స్లైడ్లు చేసి, అక్షరం ముక్క లేకుండా, ఒక్కోదానిలో ఒక్కో చప్పుడు పెట్టింది. తెలుగు అక్షరాలు వేరే కంప్యూటర్లో డబ్బాలైపోకుండా ఫాంటును ఫైలులోనే కలిపి భద్రం చేసింది. అంతా సిద్ధం. అక్కడితో ఆగితే బాగుండేది.

గ్రూపులో ఆమె పదే పదే చెప్పే చిట్కా ఒకటుంది: చూపెట్టే రోజు ఫైలు ముట్టుకోవద్దు. చెప్పేవాళ్లకు వినేవాళ్లు లోకువ అంటారు గానీ, ఇక్కడ చెప్పిందీ విననిదీ ఒకే మనిషి. శనివారం పొద్దున డ్యూటీకి రాగానే ఆమెకు ఒక బుద్ధి పుట్టింది. ఫస్టు షిఫ్టు నుంచి వచ్చే మనుషులు కునుకు తీస్తారు గదా, స్లైడు మారినప్పుడల్లా చిన్న గంట మోగితే? ట్రాన్సిషన్లలో సౌండు అని ఉంటుంది, దాన్ని తెరిస్తే చప్పట్లు, టైపు మిషను, సుత్తి, ఇలా ఎన్నో ఉంటాయి. గంటలా మోగేది ఎంచి అన్ని స్లైడ్లకూ తగిలించింది.

మధ్యాహ్నం హాలు నిండింది. రిఫ్రెషర్ క్లాసుకు వచ్చిన నలభై మందికి పైగా కార్మికులు, ముందు వరసలో కమిటీ ముగ్గురు. వాళ్లలో పెద్దాయన సర్వీసంతా ఆఫీసు కాగితాల్లోనే గడిపిన మనిషి, తెల్ల జుట్టు, చేతిలో మార్కుల కాగితం. సంపత్ మైకు దగ్గర, రాజకుమారి ల్యాప్‌టాప్ దగ్గర.

మొదటి స్లైడు. గంట మోగింది. వెనక బెంచీల్లో చిన్న కలకలం. రెండో స్లైడు. గంట. ఈసారి నవ్వులు. మూడో స్లైడు గంట మోగేసరికి మొగిలి లేచి నిలబడ్డాడు. మొగిలి ముప్ఫై ఏళ్లుగా హాలేజ్ ఆపరేటర్. అంటే ఇనుప తాడుతో బొగ్గు టబ్బులను లాగే యంత్రం ఆయన చేతుల్లో నడుస్తుంది. లోపల ఏం జరుగుతోందో ఆయనకు కనపడదు, గంటలే చెబుతాయి.

"ఆపు బిడ్డా," అన్నాడు. "ఒక్క గంట కొడ్తివి. ఒక్క గంటంటే ఏంది? ఆపాలె. నువ్వు కొట్టుకుంట ముందటికే పోతివి. ఇప్పటికి మూడుసార్లు మమ్ముల సంపినవ్."

హాలంతా గొల్లుమంది. రాజకుమారి చెవులు వేడెక్కాయి. గని కార్మికుడి బిడ్డ, గంటల లెక్క ఉగ్గుపాలతో విన్నది. అంతెందుకు, ఆమె పందొమ్మిదో స్లైడులో పెద్ద అక్షరాలతో ఉన్నదే అది: ఒక గంట, ఆగు. ముందు వరసలో పెద్దాయన కాగితం మీద ఏదో రాశాడు. సోమవారం వచ్చే నలభై మంది, ఇంగ్లీషు చీమల బారులు, అన్నీ ఆమె కళ్ల ముందు తిరిగాయి.

అప్పుడు ఆమె చేసిన పని చూడండి. సర్ది చెప్పలేదు, నవ్వి దాటేయలేదు. కీబోర్డు మీద బి అక్షరం నొక్కింది. తెర మొత్తం నల్లబడింది.

"ఆపిన కాకా," అంది గట్టిగా. "తప్పు నాదే. గంట మోగింది, ఆపిన. ఇప్పుడు నువ్వు చెప్పు, ఆపకుంటే ఏమైతది?"

మొగిలి ఇది ఊహించలేదు. అటూ ఇటూ చూశాడు. అందరూ తన వైపే చూస్తున్నారు. గొంతు సవరించుకున్నాడు.

"కొత్తగ చేరినప్పటి ముచ్చట. ఒక్క గంట ఇనపడ్డది. ఇంకోటి వస్తదేమో అని జరంత సేపు చూసిన. జరంతనే. గా జరంతల టబ్బు పట్టాలు తప్పింది. ఆడ టబ్బులు నూకే ట్రామర్‌ది రెండు వేళ్లు పోయినయి. ఆయన నన్ను ఒక్క మాట గూడ అనలె. అంటె మంచిగుండు." తన చెయ్యి ఎత్తి చూపించాడు. "గంట మోగినంక ఆలోచన చెయ్యద్దు. చెయ్యి ఆపాలె. గంతే."

మొగిలి మనసులో మాట కార్మికులకు అంతసేపు చెప్పడం అదే మొదలేమో. రాజకుమారి అందరి ముందే స్లైడ్ షో మూసి, తెర మీద కనపడేలా ట్రాన్సిషన్స్ తెరిచి, సౌండు దగ్గర 'నో సౌండ్' ఎంచి, అన్నిటికీ వర్తించమని నొక్కింది. "గంటలు తీసేసిన. ఇగ పోదామా కాకా?"

"పా," అన్నాడు మొగిలి కూర్చుంటూ.

ఆ తర్వాత సంపత్ మైకు పట్టుకోలేదు. తెచ్చి ఆమె చేతికే ఇచ్చాడు. ఆమె చెబుతూ పోయింది, వాళ్లు మాటకు మాట అందిస్తూ పోయారు. నల్ల స్లైడ్లు వచ్చాయి.

"బొమ్మ లేదు, రాత లేదు. కండ్లు మూసుకొని వినున్రి. ఏది మంచి రూఫో, ఏది ఖరాబో చెప్పాలె. సార్, మీరు గూడ."

మొదటి చప్పుడు: ఖంగున మోగింది. రెండోది: డొల్లగా, పొట్టిగా. పెద్దాయన ముందుగా చెయ్యెత్తాడు. "మొదటిది ప్రమాదం. అంత గట్టిగా మోగింది కదా."

ఎవరూ నవ్వలేదు. పెద్దమనిషి, పైగా మార్కుల కాగితం ఆయన చేతిలోనే ఉంది. కానీ నలభై తలలు ఒకేసారి అడ్డంగా ఊగాయి. రాజకుమారి మెల్లగా, "కాదు సార్. మీరు బతికేది మొదటిదాని కిందనే. రెండోదాని కింద నిలవడితే పోతరు," అంది. మళ్లీ వినిపించింది. ఇంకోసారి వినిపించింది. మూడోసారికి పెద్దాయన డొల్ల చప్పుడు రాగానే తనకు తెలియకుండానే పైకి చూశాడు. అది చూసి వెనక బెంచీల వాళ్ల ముఖాల్లో కనపడ్డ గర్వం ఇంతా అంతా కాదు. వాళ్ల చదువు ఒక ఆఫీసరుకు ఎక్కింది.

క్లాసు అయ్యాక పెద్దాయన సంపత్‌ను పిలిచాడు. "మా ఇంగ్లీషు సెట్టులో దీని గురించి రెండు పేజీలున్నాయి. రెండు పేజీలు చదివిన నేనే తప్పు చెప్పాను. సోమవారం కొత్తవాళ్లకు ఈ స్లైడ్లే నడపండి. ఫైలు నాకూ పంపండి, మిగతా సెంటర్లకు ఇస్తాను. తయారుచేసినవాళ్ల పేరు మొదటి స్లైడు మీద వేసి పంపాలి."

రాజకుమారి అక్కడే నిలబడి విన్నది. కళ్లు నిండాయి, తుడుచుకోలేదు. ఎందుకు తుడుచుకోవాలి?

కమిటీ వెళ్లాక సంపత్ ల్యాప్‌టాప్ ముందుకు జరిపాడు. "అక్కా, పేరు కింద ట్రైనింగ్ అసిస్టెంట్ అని రాద్దాం. అన్ని ఊళ్లకూ పోతుంది, చూడటానికి బాగుంటుంది."

"లేని కొలువు ఎందుకు సార్? మజ్దూర్ చేసిందని అందరికి తెల్వాలె," అని ఆమె తనే టైపు చేసింది: తయారీ, రాజకుమారి, జనరల్ మజ్దూర్. ఇంకాసేపు ఆలోచించి కింద మరో వరస చేర్చింది.

సోమవారం కొత్తవాళ్లు నలభై మంది బెంచీల్లో కూర్చున్నారు. ముందు వరసలో, కుంటికాలు చాపుకుని, ఉతికిన తెల్ల చొక్కాతో ఎల్లేశం ఉన్నాడు. చప్పుళ్ల దగ్గర రెండు ముక్కలు చెప్పాలని సంపత్ స్వయంగా పిలిపించాడు. తెర వెలిగింది. ఎల్లేశం అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. కూతురి పేరు దాటి కింది వరసకు వచ్చి ఆగాడు. 'పైకప్పు చప్పుళ్లు: ఎల్లేశం, టింబర్‌మన్.' ముప్ఫై ఒక్క ఏళ్ల సర్వీసులో ఆయన పేరు హాజరు పుస్తకంలో రాశారు, దవాఖాన చీటీ మీద రాశారు. ఆయనకు తెలిసిన విద్య పక్కన ఎవరూ రాయలేదు.

రాజకుమారి రెండో స్లైడుకు వెళ్లింది. తండ్రి చెయ్యెత్తాడు.

"బిడ్డా, ఇంకోపారి గది సూపెట్టరాదు."

స్లైడ్ షో నడుస్తుండగా ఒకటి నొక్కి ఎంటర్ కొడితే మొదటి స్లైడు వస్తుంది. రాజకుమారి ఒకటి నొక్కి ఎంటర్ కొట్టింది. ఆయన చదవడం పూర్తయ్యేదాకా నలభై మందీ ఎదురుచూశారు.